పెన్సిల్ పొట్టు

కుర్చీ ఉండే చోట నాలుగు తెల్లటి గుర్తులు మాత్రం మిగిలాయి. ఏళ్ళ తరబడి ఒకేచోట ఉండి నాలుగు కాళ్ళూ గచ్చులోకి కొద్దికొద్దిగా దిగబడ్డాయి కాబోలు, ఆ గుంటల్లో సుద్దపొడి పేరుకుని ఉంది. టీచరు ఆ నాలుగు గుర్తుల మధ్య నిలబడి గోడ గడియారం చూసింది. పదకొండున్నర. ఇంకొక్క గంట. ఆ గంట గడిస్తే బెల్లు కొడతారు, ముప్ఫై ఎనిమిది జవాబు పత్రాలు పోగుచేసుకుని కిందికి దిగాలి, వాటితో పాటు చేతిసంచిలో మడిచి పెట్టుకున్న తెల్లకాగితం మీద సంజాయిషీ రాసి పెద్దసారు బల్ల మీద పెట్టాలి. కాగితం మీద ఇంతవరకూ తేదీ తప్ప ఏమీ లేదు. ఆ తేదీ కూడా పొద్దున రెండుసార్లు కొట్టేసి రాసింది, ఇవాళ ఏ వారమో ఒక పట్టాన గుర్తుకు రాలేదు. అయినా ఇది మరిచిపోయే శుక్రవారం కాదు. సోమవారం ఇదే గదిలో, ఇదే ఎనిమిదో తరగతికి, ఇదే రేఖాగణితం పరీక్ష జరుగుతుండగా ఆమె ఆ కుర్చీలో కూర్చుని నిద్రపోయింది. ఒక్క నిమిషం కళ్ళు మూసుకుందామనుకోవడం గుర్తుంది, మూసుకోవడం గుర్తులేదు. తెరిచేసరికి గుమ్మంలో పెద్దసారు నిలబడి ఉన్నాడు. పిల్లలందరూ తలలు వంచుకుని రాసుకుంటున్నారు, అంత బుద్ధిగా ఎనిమిదో తరగతి పిల్లలు ఏనాడూ రాయరు. ఆమెకు మెలకువ రాకుండా ముప్ఫై ఎనిమిది మందీ ఊపిరి బిగబట్టి కాపలా కాశారు. మర్నాడు పేపర్లు దిద్దిన లెక్కల మాస్టారు, నవ్వితే బాగుండదని తెలిసీ నవ్వు ఆపుకోలేక చెప్పాడు: "ఏడో ప్రశ్నకి గది గదంతా ఒకటే తప్పు మేడమ్. అరవై డిగ్రీల కోణం గీయమంటే అందరూ నూట ఇరవై గీశారు. ఆ తప్పైనా ఎంత శుభ్రంగా గీశారనుకున్నారు."

అందుకని ఇవాళ మళ్ళీ పరీక్ష. మళ్ళీ ఆమే కాపలా. కుర్చీ మాత్రం లేదు. పెద్దసారు మంచివాడే, నలభై నిండని మనిషి, గొంతు పెంచడం తెలియదు. పెంచి ఉంటే ఆమెకు ఇంత కష్టంగా ఉండేది కాదు. "ఇలా ఎన్నాళ్ళు మేడమ్" అన్నాడు, బల్ల మీది పేపర్‌వెయిట్‌ను చూస్తూ. "ఒంట్లో బాగోకపోతే అదే రాసివ్వండి. తగ్గడానికి ఎన్నాళ్ళు పడుతుందో కూడా రాయండి, నేను పైవాళ్ళకి చెప్పుకోవాలి కదా. లేదంటే వచ్చే ఏడు పదో తరగతి ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుంది." పంతొమ్మిదేళ్ళుగా పదో తరగతికి జీవశాస్త్రం ఆమే చెబుతోంది. నల్లబల్ల మీద కప్ప బొమ్మ కళ్ళు మూసుకుని గీస్తుంది, అందుకే పిల్లలు కప్ప టీచరంటారు, ఆ పేరు పెట్టినవాళ్ళకు ఇప్పుడు పిల్లలున్నారు. పదో తరగతి పోతే ఏం మిగులుతుందో ఆమె ఆలోచించలేదు. ఆలోచించకుండానే నోట్లోంచి మాట వచ్చేసింది: "బీపీ బిళ్ళ మార్చారండీ, దానివల్ల." ఆమెకు బీపీ లేదు. ఒక్కనాడూ లేదు. మగమనిషి ముందు, తనకంటే పదేళ్ళు చిన్నవాడి ముందు, నిజం కంటే బీపీ మర్యాదగా ఉంటుందని నాలుకే నిర్ణయించేసుకుంది. ఆ అబద్ధం నోటితో చెప్పడం తేలికే. కాగితం మీద పెట్టి కింద సంతకం చేయడం ఆమెకు చేతకావడం లేదు.

అటు పదకొండు అడుగులు, ఇటు ఏడు. కిటికీ దగ్గర మలుపు. నడుస్తూ కూడా నిద్ర వస్తుందని ఈ ఏడాదే తెలిసింది. రాత్రంతా బతిమాలినా గుమ్మం తొక్కని నిద్ర, పొద్దెక్కాక, నలుగురూ చూస్తుండగా, పిలవని పేరంటానికి వచ్చినట్టు వచ్చి మెడ మీద చేయి వేస్తుంది. కనురెప్పల లోపల ఇసుక ఉన్నట్టుంటుంది. పిల్లల తలలు ఒక్కొక్కటే దూరంగా జరిగి, ఏదో నూతి అడుగున ఉన్నట్టు కనిపిస్తాయి. వృత్తలేఖినుల ముళ్ళు కాగితంలో గుచ్చుకుంటున్న చప్పుడు, ఎవరో ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు, ఫ్యాను మూడో రెక్క దగ్గర టక్కుమనే చప్పుడు. ఆ టక్కు ఇంట్లో ఫ్యానుకూ ఉంది. రెండుంపావుకు మెలకువ వచ్చిందని చెప్పేది అదే. ముందు రొమ్ముల మధ్య ఎక్కడో చిన్న పొయ్యి అంటుకుంటుంది, సెగ మెడకు ఎక్కుతుంది, చెవుల వెనక్కు పాకుతుంది, దుప్పటి తన్నేస్తుంది, జాకెట్టు వీపుకు అతుక్కుపోతుంది, అంతలోనే చెమట చల్లబడి చలి, మళ్ళీ దుప్పటి. తన్నడం, లాక్కోవడం. దానితోనే ఏడు నెలల క్రితం భర్త దిండు చంకలో పెట్టుకుని ముందుగదిలోకి వెళ్ళాడు. "రెండ్రోజులు అక్కడ పడుకుంటానే, ఆఫీసులో తల పనిచేయడం లేదు" అన్నాడు. ఆ రెండ్రోజులు ఇంకా పూర్తి కాలేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు అందుకుంటూ, "రాత్రి పట్టిందా?" అని అడుగుతాడు, పాలవాడు వచ్చాడా అన్నట్టు. "కాసేపు పట్టింది" అంటుంది. అడిగాడు, అది చాలనుకోవాలి. మంచంలో అతని సగం ఇప్పుడు నలగకుండా ఉంటుంది, సెగ వచ్చినప్పుడు ఆ చల్లటి సగంలోకి దొర్లుతుంది. అతను పక్కనుండగా ఎన్నడూ లేనంత సుఖంగా ఉంటుంది ఒక్క నిమిషం, ఆ నిమిషం గడిచాక ఇల్లంతా మరీ పెద్దదైపోతుంది.

పదో తరగతి పుస్తకంలో దీని గురించి ఒక వాక్యముంది. నలభై అయిదు, యాభై అయిదేళ్ళ మధ్య స్త్రీలలో ఋతుచక్రం ఆగిపోతుంది. అంతే. పంతొమ్మిదేళ్ళుగా ఆ వాక్యం పైకి చదివి, ఎవరికైనా సందేహమా అని అడగకుండానే కింది పేరాలోకి దిగిపోయింది. అర నిమిషం కూడా పట్టదు. ఆగిపోతుంది అంటే నడుస్తున్న బండి ఆగినట్టు ఆగుతుందనుకుంది తనూ. ఆగే ముందు ఎన్ని ఊగులు ఊగుతుందో, లోపల కూర్చున్నవాళ్ళు ఎలా పట్టుకుని నిలబడాలో పుస్తకంలో లేదు.

డాక్టరమ్మ ఒక కాగితం ఇచ్చింది. సాయంత్రం నాలుగు దాటాక కాఫీ వద్దు. గది చల్లగా ఉంచుకోండి. దుప్పటి ఒకటి మందంగా కాకుండా పల్చటివి రెండు పెట్టుకోండి. నిద్ర రాకపోతే మంచం మీద దొర్లకండి, లేచి కూర్చుని, చప్పుడు లేని చిన్న పని ఏదైనా చేతులతో చేయండి, కళ్ళు వాలినప్పుడు మళ్ళీ పడుకోండి. మందు సంగతి పరీక్షలయ్యాక చూద్దామంది. కాగితం మడిచి పెట్టుకుంటూ ఆమె అడిగింది, ఎన్నాళ్ళుంటుందండీ ఇది అని. "ఒక్కొక్కరిది ఒక్కో తీరమ్మా. కొందరికి రెండేళ్ళు, కొందరికి ఏడెనిమిది. మీ అమ్మగారికి ఎన్నాళ్ళుందో కనుక్కోండి, కొంత అంచనా దొరుకుతుంది." అలాగేనండీ అంది. అమ్మ పోయి అప్పటికి ఇరవై రెండు రోజులు. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ, ఇంటికి వెళ్ళాక అమ్మకు ఫోను చేయాలని నిజంగానే అనుకుంది. ఎడమ చెప్పు వేసుకుని కుడి చెప్పు వేసుకునేంతసేపు అనుకుంది.

మూడో వరసలో ఒక పెన్సిల్ ముల్లు టప్పున విరిగింది. పిల్లవాడు తలెత్తి చూశాడు, వాళ్ళలో ఎవరూ ఇవాళ ఆమెను నేరుగా చూడడం లేదు, మళ్ళీ పరీక్ష రాయించిందన్న కోపం కొంత, కాపీ కొట్టిన సిగ్గు కొంత. ఆమె కిటికీ గట్టు మీది రేకు డబ్బా తెరిచి చెక్కిన పెన్సిలొకటి తీసి ఇచ్చింది. కాపలా కాసేవాళ్ళు పుస్తకం చదవకూడదు, పేపర్లు దిద్దకూడదు, ఫోను తీయకూడదు, కిటికీ బయటికి ఎక్కువసేపు చూడకూడదు. పిల్లలకు పెన్సిళ్ళు చెక్కి ఇవ్వవచ్చు. డబ్బాలో ఇరవై దాకా మొండి పెన్సిళ్ళు, సగం బ్లేడు ఉన్నాయి. గోడకు భుజం ఆనించి, ఒక మొండి పెన్సిల్ తీసుకుని చెక్కడం మొదలుపెట్టింది. బ్లేడును కొంచెం వాల్చి, బొటనవేలితో వెనకనుంచి నెట్టాలి. పొట్టు తెగకుండా రింగులు రింగులుగా రాలాలి. ఎర్రటి అంచున్న పల్చటి పొట్టు అరచేతిలో పడింది. చెక్క వాసన ముక్కుకు తగిలింది. కళ్ళలోని ఇసుక కాస్త కదిలింది.

అమ్మ చాకుతో చెక్కేది. తనకు పదకొండేళ్ళు, ఆరో తరగతి, అర్ధసంవత్సరం పరీక్షలకు నాలుగు రోజులుందనగా మొదలైంది అది. పొద్దున లేచి పెట్టె తెరిస్తే పెన్సిళ్ళన్నీ సూదుల్లా ఉన్నాయి, తనవీ, తమ్ముడివీ. మర్నాడూ అంతే. ముందురోజు చెక్కిన పెన్సిల్నే మళ్ళీ చెక్కేది అమ్మ, ముల్లు అరగకపోయినా చెక్కేది, వారం తిరిగేసరికి పెన్సిల్ వేలెడయ్యేది. వంటగదిలో చాటలాంటి పాత రేకు పళ్ళెం, దాన్నిండా పొట్టు. నాన్న నవ్వేవాడు. "మనింటికి కాపలా మనిషి అక్కర్లేదురా, మీ అమ్మ ఉంది" అనేవాడు, దొంగ వస్తే వాణ్ణీ చెక్కి పంపిస్తుందనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు, అమ్మ కూడా. అమ్మకు అప్పుడు నలభై ఏడు. ఆ ఏడు ఎందుకు మొదలైందో ఎవరూ అడగలేదు. ఇంట్లో మనిషి రాత్రిళ్ళు కూర్చుని పెన్సిళ్ళు చెక్కుతుంటే అదొక అలవాటనుకున్నారు, కొందరు గోళ్ళు కొరుక్కున్నట్టు.

అమ్మ పోయాక చుట్టాలందరూ కూడిన రోజున తమ్ముడు లేచి మాట్లాడాడు. బాగా మాట్లాడాడు. "మా అమ్మ రాత్రంతా మేలుకుని మా ఇద్దరికీ పెన్సిళ్ళు చెక్కేది, పొద్దున్నే మాకు కష్టం కాకూడదని. అంత ప్రేమ" అన్నాడు, చుట్టాలందరూ కళ్ళు తుడుచుకున్నారు. ఆమె తుడుచుకోలేదు. తమ్ముడి చేతిలో నీళ్ళ గ్లాసు పెట్టి పక్కన కూర్చుంది. ప్రేమ లేదని కాదు. ఆ పని ప్రేమ కోసం చేసింది కాదని ఆమెకు అప్పటికే తెలుసు, అప్పటికామె రాత్రులు చెడి ఏడాది. చప్పుడు లేని చిన్న పని. ఎవరినీ లేపని పని. డాక్టరమ్మ కాగితం లేకుండానే అమ్మ కనుక్కుంది. వాడికి చెప్పలేదు. వాడి అమ్మను వాడికి ఉంచింది.

ఇంకోటి కూడా చెప్పలేదు. ఏడో తరగతిలో, మంచి డ్రాయింగు పెన్సిల్ ఒకటి, ఆకుపచ్చది, నాలుగు రాత్రుల్లో సగమైపోయిందని ఏడ్చి, పెన్సిళ్ళ పెట్టెకు తాళం వేసుకుంది. పెట్టె మీద కాగితం అతికించింది: ముట్టుకోవద్దు. తమ్ముడి పెట్టెను కూడా వాడికి బెల్లం ముక్క లంచమిచ్చి తనే దాచింది. అమ్మ కాగితం చదివి, "అట్లాగేనే" అంది. రెండు మూడు రోజుల తర్వాత రాత్రి దాహం వేసి లేస్తే, చీకట్లో అమ్మ ఇనప బీరువాకు చెంప ఆనించి నిలబడి ఉంది. రెండు అరచేతులు కూడా బీరువాకే ఆనించి ఉన్నాయి. ఎవరో ఆ వైపు నుంచి తోస్తుంటే ఆపుతున్నట్టు. "ఏం చేస్తున్నావమ్మా?" "ఏం లేదులే, నీళ్ళకని లేచా. పో, పడుకో." నీళ్ళు వంటగదిలో ఉంటాయి, బీరువా పడకగదిలో ఉంది. అంతవరకూ కూడా ఆలోచించలేదు ఆ పిల్ల, వెళ్ళి పడుకుంది, పడుకోగానే నిద్రపోయింది. ఇప్పుడు ఈమె ఇంట్లో కూడా ఇనప బీరువా ఉంది. రెండున్నరకు దాని చల్లదనం ఎలా ఉంటుందో ఈమె చెంపకు తెలుసు.

ఆ తాళం వేయకపోయి ఉంటే లెక్క ఉండేది. అదే ఆమెను ఇన్నాళ్ళుగా నమిలేస్తున్నది. పొట్టు ఏ ఏడు దాకా రాలిందో చూస్తే ఎన్నేళ్ళో తెలిసిపోయేది. తను పెన్నులోకి మారినా తమ్ముడు ఇంకా పెన్సిళ్ళ క్లాసుల్లోనే ఉన్నాడు. మొదలు తెలుసు, ఆరో తరగతి అర్ధసంవత్సరం. చివరే తెలియదు. ఆ చివరను తనే పెట్టెలో పెట్టి తాళం వేసింది. ఆ తర్వాత అమ్మ చీకట్లో ఖాళీ చేతులతో ఎన్ని రాత్రులు నిలబడిందో చెప్పడానికి రేకు పళ్ళెం కూడా లేదు. పెద్దయ్యాకైనా అడిగి ఉండవచ్చు. ముప్ఫై ఎనిమిదేళ్ళ వ్యవధి ఉండింది అడగడానికి. తనకు మొదటి సెగ వచ్చింది కూడా అమ్మ ముందే, మాట్లాడుతూ మాట్లాడుతూ కొంగుతో విసురుకుంటే, అమ్మ ఒకసారి ముఖంలోకి చూసి, లేవలేక లేచి, గోడ పట్టుకుని వెళ్ళి ఫ్యాను పెంచి వచ్చి కూర్చుంది. ఏమీ అనలేదు. తనూ ఏమీ అడగలేదు. పక్కింటి వాళ్ళ పిల్లకు ఉద్యోగం వచ్చిన సంగతేదో మాట్లాడుకున్నారు.

బ్లేడు ఆగింది. వచ్చేస్తోంది, ఇప్పుడే, ఇక్కడే. రొమ్ముల మధ్య పొయ్యి. పెన్సిల్ కిటికీ గట్టు మీద పెట్టి, ఊచలు పట్టుకుని, ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంది, తొంభై దాకా లెక్కపెడితే దిగుతుందని అనుభవం. మెడ తడిసింది, పై పెదవి తడిసింది. ఆయమ్మ అదనపు కాగితాల కట్ట పట్టుకుని లోపలికొచ్చింది, ఆమెను చూసి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"కుర్చీ తీసుకుపొమ్మంటే తీసుకుపోయానమ్మా. నన్ను తిట్టుకోకండి."

"నిన్నెందుకు తిట్టుకుంటాను."

"సామాన్ల గదిలో పెట్టా. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చుకోవాలంటే వచ్చేయండి, తలుపు దగ్గర నేనుంటా. నేనుంటే ఆ పెద్దసారేంటి, వాళ్ళ నాయనొచ్చినా లోపలికి రాడు." కాగితాలు గట్టు మీద పెడుతూ ముఖంలోకి చూసింది. "అంత చెమటేంటమ్మా?"

"ఉక్కగా ఉంది."

"ఉక్కా? పొద్దున్నించీ నేను స్వెట్టరు విప్పలేదు."

ఆయమ్మ ఇంకొక్క క్షణం నిలబడింది, తన స్వెట్టరు జేబులోంచి ఉతికి మడిచిన రుమాలు తీసి కాగితాల పక్కన పెట్టి వెళ్ళిపోయింది. గుమ్మం దాటుతుండగా వెనక్కి పిలుద్దామనిపించింది, నీకు ఎన్నేళ్ళు పట్టిందని అడుగుదామనిపించింది. పిల్లలున్నారు. ముప్ఫై ఎనిమిది మంది. రుమాలుతో మెడ తుడుచుకుంది. సబ్బు వాసన.

పన్నెండుంపావు. ఇంకో పావుగంట ఉందని బెల్లు ఒకటి మోగింది. వెనక వరసలో చివరి పిల్ల కదలలేదు. అప్పటిదాకా ఆమె చూడనే లేదు, ఆ పిల్ల రాసేసి, కాగితాలు ఒద్దికగా దొంతి పెట్టి, స్కేలు మీదే చెంప పెట్టుకుని నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుంది. వీపు మెల్లగా లేస్తోంది, దిగుతోంది. ఇంత వెలుతురులో, ఇంత చప్పుడులో, ఇంత గట్టి బల్ల మీద. టీచరుకు అసూయ కలిగింది, దాచుకోవలసిన అవసరం లేనంత మామూలు అసూయ. లేపుదామని వంగి, లేపకుండా నిలబడిపోయింది. ఎవరి నిద్రనైనా చెడగొట్టడం ఇప్పుడామెకు దొంగతనంలా ఉంటుంది. కాసేపటికి ఆ పిల్లే ఉలిక్కిపడి లేచింది. టీచరును చూసి బెదిరి, సిగ్గుపడి, తల సవరించుకుంది. చెంప మీద స్కేలు గీతలు పడ్డాయి, ఒకటి, రెండు, మూడు, నాలుగు సెంటీమీటర్లు, ఎర్రగా, అంకెలతో సహా తిరగబడి.

చెంప మీద గీతలు. దిండు గలీబు మడత పడి అమ్మ చెంప మీద కంటి దగ్గర్నుంచి గడ్డం దాకా ఎర్రటి గీత. ఎండ మంచం దాకా వచ్చేసింది. తన పదో తరగతి పెద్ద పరీక్ష, రెండో రోజు. అయిదింటికి లేపాల్సిన అమ్మ లేపలేదు, నాన్న ఊళ్ళో లేడు, ఎనిమిదిన్నరకు తనంతట తనే లేచి చూస్తే అమ్మ ఇంకా పడుకునే ఉంది, బోర్లా, ఒక చెయ్యి మంచం కిందికి వేలాడేసి, అచ్చం చిన్నపిల్లలా. అమ్మ నిద్రపోతుండగా చూడడం అదే మొదటిసారి. అరిచి లేపింది. జడ వేసుకోకుండా, రబ్బరు బ్యాండు నోట కరుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తబోతుంటే అమ్మ మంచం మీద లేచి కూర్చుని, ఆ గీతతో, జుట్టంతా రేగి, నవ్వింది. తప్పు చేసిన నవ్వు కాదు. పెద్ద కబురేదో మోసుకొచ్చి ముందుగా ఈ పిల్లకే చెబుతున్నట్టు చెప్పింది: "బాగా నిద్ర పట్టిందే."

"నా పరీక్ష నాశనం చేసి నువ్వు మాత్రం హాయిగా పడుకున్నావు." ఆ మాట అని పరుగెత్తింది. పన్నెండు నిమిషాలు ఆలస్యం, అక్కడెవరో మాస్టారు జాలిపడి లోపలికి రానిచ్చాడు. రెండు రోజులు అమ్మతో మాట్లాడలేదు. ఆ తర్వాత సెలవుల్లో అమ్మ పొద్దెక్కి లేవడం, నాన్న తనే కాఫీ కలుపుకోవడం, కాపలా మనిషి ఉద్యోగం మానేసిందిరా అని నాన్న అనడం. అవును, ఆ మాట అన్నాడు. ఆ సెలవుల్లోనే అన్నాడు.

ఆరో తరగతి అర్ధసంవత్సరం. పదో తరగతి చివరి పరీక్ష. ఆమె పెదవులు కదిపి లెక్క వేసుకుంది, అడుగు తీసి అడుగు వేయకుండా వరసల మధ్యలో నిలబడి. ఆరు సగం, ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది. నాలుగున్నరేళ్ళు. అడగలేదని ఇన్నాళ్ళూ ఏడ్చింది. అడగకుండానే చెప్పింది అమ్మ, నిద్ర పట్టిన మొదటి పొద్దున, లేవగానే, ముందుగా తనకే. తను చెప్పులు చేత్తో పట్టుకుని వింది.

బెల్లు మోగింది. పిల్లలు కాగితాలు ఇచ్చి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. గది ఖాళీ అయ్యాక ఆమె మొదటి వరస బల్ల మీద కూర్చుని, సంచిలోంచి తెల్లకాగితం తీసింది. పెన్ను కోసం వెతకలేదు. గట్టు మీద పద్నాలుగు పెన్సిళ్ళు సూదుల్లా ఉన్నాయి. ఒకటి తీసుకుంది.

పెద్దసారు ఆ కాగితాన్ని నిలబడే చదివాడు. సోమవారం పరీక్ష గదిలో నేను నిద్రపోయాను. బీపీ బిళ్ళ అని మీతో చెప్పింది నిజం కాదు. నాకు ముట్లు ఆగిపోయే వయసు. ఏడాది నాలుగు నెలలుగా రాత్రులు నిద్ర పట్టడం లేదు. ఇంకా మూడేళ్ళ రెండు నెలలు పట్టవచ్చు. డాక్టరు చెప్పినట్టు చేస్తున్నాను. పరీక్ష గదిలో కుర్చీ అక్కర్లేదు, చెక్కడానికి పెన్సిళ్ళు ఉంటే చాలు. పదో తరగతి నాకే ఉంచమని కోరుతున్నాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మూడో వాక్యం దగ్గర ఆగకుండా దాటేశాడు, ఆమె పంతొమ్మిదేళ్ళుగా దాటేసినట్టే. మళ్ళీ వెనక్కి వచ్చి చదివాడు. కూర్చోమన్నట్టు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. నాలుగు నెలల కిందట అమ్మ పోయినప్పుడు ఆమె సెలవు చీటీ మీద సంతకం పెట్టింది ఆయనే, ఇదే బల్ల మీద.

"మూడేళ్ళ రెండు నెలలు." ఆ మాట దగ్గర వేలు పెట్టి అన్నాడు. "ఇంత కచ్చితంగా డాక్టరుగారు చెప్పారా మేడమ్?"

"కాదండీ" అంది ఆమె. "మా అమ్మ చెప్పింది."